తప్పు పేరు చెప్పిన వేగు

కిరండోల్ పాసింజరు సొరంగంలోకి దూరగానే, ఎదురు సీట్లో ముసలాయన నోరు విప్పాడు.

"ఈ ఏడు మిరియం ధరెలా ఉంది?"

"పాదు ఎక్కాక చెప్తాను," అన్నాడు సైలస్.

కోడ్‌వర్డు సరిపోయింది. ముసలాయన పేరు జగన్నాథరావు. బోర్డు లేని ఒక రహస్య విభాగానికి చీఫ్. రైలు సొరంగంలో ఉన్నంతసేపే ఆయన మాట్లాడతాడు. వెలుతురు రాగానే జామకాయ కొరుక్కుంటూ కిటికీలోంచి లోయ చూస్తాడు. సొరంగం చప్పుడులో ఏ మైక్రోఫోనూ పనిచెయ్యదని ఆయన నమ్మకం.

"అనంతగిరిలో మనకో కాఫీ నర్సరీ ఉంది. దాని వెనక సిగ్నల్ స్టేషన్ ఉంది. మన సబ్‌మెరీన్ పైకి తేలినప్పుడల్లా తన పొజిషన్ ఆ స్టేషన్‌కి పంపుతుంది."

వెలుతురు. జామకాయ. మళ్లీ చీకటి.

"అక్కడి సర్వర్‌లో ఎవరో దొంగకోడ్ పెట్టారు. పొజిషన్ రాగానే కాపీ ఒకటి విదేశీ ముఠాకి వెళుతోంది. ఈ శుక్రవారం నాలుగింటికి సబ్‌మెరీన్ మళ్లీ తేలుతుంది. ఈసారి వాళ్ల ఓడ సిద్ధంగా ఉంది."

"సర్వర్ ఆపేస్తే పోదా సార్?"

"పోతుంది. పెట్టినవాడు మాత్రం దొరకడు. మనిషి కావాలి నాకు."

"సబ్‌మెరీన్‌లో ఎంతమంది ఉంటారు?"

రైలు బయటికొచ్చేసింది. జవాబు కోసం సైలస్ తర్వాతి సొరంగం దాకా ఆగాల్సొచ్చింది.

"ఎనభైమంది. స్టేషన్ డిప్యూటీ ధనుంజయ్‌కి నువ్వెవరో తెలుసు. మిగతావాళ్లకి నువ్వు యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికొచ్చిన ఫిలిప్పువి. శుక్రవారం నేను ఓడ మీద ఉంటాను. ఫోన్ అందదు."

బొర్రాలో ఆయన దిగిపోయాడు.

సైలస్‌ది పార్వతీపురం. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ పేరు జీలుగు. పిస్టల్ కంటే కీబోర్డు బాగా నడుపుతాడు. అందుకే ఈ పని అతనికొచ్చింది. అతని టూల్‌బ్యాగ్‌లో బ్యాటరీ ఆకారంలో ఉన్న కంప్యూటర్ ఒకటుంది. దాన్లో వేగు ఉంది.

వేగు అంటే డిపార్ట్‌మెంట్ సొంతంగా రాయించుకున్న డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మెడ పట్టుకుని ఆపి, నీ కడుపులో ఏముందో కక్కమని నిలదీసే సాధనం. ప్రతిసారీ మనిషి కూర్చుని నిలదీయలేడు గనక ఈమధ్యే దానికి ఒక స్క్రిప్టు భాష తగిలించారు. ఏం అడగాలో స్క్రిప్టులో రాసిపెడితే, అడిగే పని అదే చూసుకుంటుంది. కొత్త పని. పూర్తిగా పరీక్షించలేదు. ఆ సంగతి సైలస్‌కి తెలుసు.

స్టేషన్ సర్వర్‌లో, లాగిన్ అయిన ప్రతి ఆఫీసర్‌కీ ఒక థ్రెడ్ ఉంటుంది. ఆ మనిషి పనులన్నీ ఆ దారంలోనే నడుస్తాయి. సైలస్ స్క్రిప్టు చిన్నది. దొంగకోడ్ కదలగానే ప్రోగ్రామ్‌ని ఆపు, ఎవరి థ్రెడ్డో చూడు, పేరు రాయి, వదిలెయ్. రోజుకి నాలుగైదుసార్లు వచ్చే ప్రాక్టీస్ సిగ్నల్‌కి కూడా ఆ కోడ్ నిద్రలేస్తుంది గనక శుక్రవారం దాకా ఆగాల్సిన పనిలేదు.

గురువారం పేరు దొరికింది. గంగాభవాని.

నమ్మడం కష్టం కాలేదు. కమ్యూనికేషన్స్ ఆఫీసర్ గంగాభవాని నల్లకళ్లద్దాలు పెట్టుకుని, పట్టుచీర కట్టుకుని, ఘాట్ రోడ్డు మీద స్కార్పియో తనే నడుపుకుంటూ వచ్చే మనిషి. ప్రతి శుక్రవారం అరకు సంతకి వెళుతుంది. వచ్చేటప్పుడు సంచీలో కూరగాయలుండవు. శుక్రవారం పొద్దున వేగు మళ్లీ అదే పేరు చెప్పింది. సైలస్ వెళ్లి ధనుంజయ్‌కి చెప్పాడు.

ధనుంజయ్ మెత్తని మనిషి. సైలస్‌కి జ్వరమొస్తే రాత్రి తన స్వెట్టరిచ్చాడు. సంగతి వినగానే తలపట్టుకున్నాడు. "ఇంత పని చేస్తుందనుకోలేదు సైలస్ గారూ," అన్నాడు. ఇద్దరూ ఆమె గదికి వెళ్లారు.

బేడీలు వేసింది సైలసే. స్టాఫంతా దూరంగా వరండా చివర నిలబడి చూస్తున్నారు. గంగాభవాని కళ్లద్దాలు తీసి అతన్ని చూసింది.

"ఎవరు చెప్పారు నా పేరు?"

"తప్పు చెప్పనిది చెప్పింది మేడమ్."

"అయితే ఒక్క మాట వినండి," అంది గొంతు తగ్గించి. "మధ్యాహ్నం లోపల నన్ను సంతకి పోనివ్వండి. బేడీలతోనే తీసుకెళ్లండి. సోంబరు అక్కడ ఒక్కడూ ఉంటాడు. నేను వెళ్లకపోతే అతనికి ప్రమాదం."

"సోంబరు ఎవరు?"

ఆమె ధనుంజయ్ వైపు చూసి నోరు మూసుకుంది. దొరికిపోయిన మనిషి తడబాటు అనుకున్నాడు సైలస్. కాఫీ బస్తాల గోడౌన్‌లో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే, ఆ నిమిషాన అతనికి తన తెలివి మీద ముచ్చటేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ నర్సరీలోకి జీపొచ్చింది. వెనక సీట్లో ఒక గిరిజన రైతు. మోకాలి దగ్గర పంచె నెత్తురుతో తడిసి ముద్దయింది. వడ్డిస్తున్న వంటమనిషి సోములమ్మ గరిటె కింద పెట్టి జీపు దగ్గరికి నడిచింది. అతను ఆమె అన్న. పేరు సోంబరు.

"సంతలో కాల్సీసేరు," అన్నాడు జీపు డ్రైవరు. "అరకు ఆస్పత్రికే తీసుకెల్తన్నాను. సెల్లికి కబురు సెప్పాలని ఇటు తిప్పించేడు."

సోంబరు సైలస్ చొక్కా పట్టుకున్నాడు. "అమ్మగారు రాలేదేటి బాబూ? పెద్దసారు రాసిచ్చిన దొంగకబుర్లు అమ్మగారు తెత్తారు, నాను ఆల్లకిత్తాను. మా ఇద్దరికీ అదే పని. ఈయేల ఆల్లు నన్ను సూసీసూడగానే పేరెట్టి పిలిసేరు. నా పేరు ఆల్లకి తెల్దు. ఎవులు సెప్పేరు?"

సైలస్‌కి అప్పుడు అర్థమైంది. గంగాభవాని డబుల్ ఏజెంట్. ముఠాకి అమ్ముడుపోయినట్టు నటిస్తూ, జగన్నాథరావు ఎవరికీ చెప్పకుండా రాసిచ్చిన అబద్ధాలు చేరవేస్తోంది. ఇక సోంబరు పేరు ఆమె నోట వచ్చింది పొద్దున ఒక్కసారే. విన్నది ఇద్దరు. ఒకడు తను.

జీపు వెళ్లిపోయింది. సోములమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని మళ్లీ వడ్డనకి వచ్చింది. "తిను బాబూ, సల్లారిపోతంది," అంది. ఆమెకింకా ఏమీ తెలియదు. సైలస్ కంచం ముందు నుంచి లేచిపోయాడు.

సర్వర్ గదిలో తలుపేసుకుని, ముందు గంగాభవాని కంప్యూటర్ వైరు పీకేశాడు. సర్వర్‌లో ఆమె థ్రెడ్ చచ్చిపోయింది. ఇక ఆమె పేరు రావడానికి వీల్లేదు. ప్రాక్టీస్ సిగ్నల్ కోసం కూర్చున్నాడు. సిగ్నల్ వచ్చింది. దొంగకోడ్ కదిలింది. స్క్రిప్టు ఠంచనుగా పేరు రాసింది.

గంగాభవాని.

లేని మనిషి మీద సాక్ష్యం. అబద్ధం చెబుతున్నది వేగు. ఇంత చిన్న పరీక్ష పొద్దున చేసి ఉంటే సరిపోయేది. పది నిమిషాల పని. సోంబరు రెండు కాళ్ల మీద ఇంటికెళ్లేవాడు.

కుమిలిపోడానికి కూడా టైం లేదు. వేగు సోర్సు కోడ్ తెరిచి, స్క్రిప్టు భాషని అతికించిన చోట వెతికాడు. లోపం దొరికాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రోగ్రామ్ ఆగినప్పుడు వేగు రెండు పనులు చెయ్యాలి. ఆగినది ఏ థ్రెడ్డో గుర్తుపెట్టుకోవాలి, ఆ తర్వాత స్క్రిప్టుని పిలవాలి. రాసినవాడు ముందు స్క్రిప్టుని పిలిచాడు. దాంతో, ఎవరు ఆగారని స్క్రిప్టు అడిగితే, వేగు ఎదుటివాడి ముఖం చూడకుండానే కిందటిసారి చూసిన మనిషి పేరు చెప్పేస్తోంది. స్టేషన్‌లో అందరికంటే ఎక్కువ పని చేసేది గంగాభవాని. వేగు కంట్లో మెదిలేది ఎప్పుడూ ఆమె థ్రెడ్డే. ఆమె చేసిన నేరమల్లా అదీ.

రెండు లైన్లు. పైది కిందికి, కిందిది పైకి మార్చాడు. ఆ పనికి నిమిషం కూడా పట్టలేదు.

మార్చిన కోడ్‌తో వేగుని మళ్లీ బిల్డ్ చెయ్యాలి, అంటే కొత్తగా కట్టాలి. అది నడుస్తుండగా వంటింటికి వెళ్లి, సోములమ్మ చేతిలో గోడౌన్ తాళంచెవీ బేడీల చెవీ పెట్టాడు.

"అమ్మగారిని విడిపించు. ఆవిడ తప్పేం లేదు. నా డీబగ్గర్ తప్పు పేరు చెప్పింది."

"నువ్వే ఎల్లి తియ్యొచ్చు గదా?"

"నా ముఖం ఆవిడకి చూపించలేను సోములమ్మా. మీ అన్నకి దెబ్బ తగిలింది నావల్లే."

సోములమ్మ తాళంచెవులు కొంగున ముడేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. గోడౌన్ వైపు వెళ్లిపోయింది.

తిరిగొచ్చి స్క్రిప్టు మార్చాడు. ఈసారి పేరు రాసి వదిలెయ్యకూడదు, పట్టుకుని ఉంచాలి. నాలుగయింది. ఎక్కడో సముద్రంలో సబ్‌మెరీన్ పైకి తేలింది. పొజిషన్ వచ్చింది. దొంగకోడ్ చెయ్యి చాపింది. వేగు దాన్ని పట్టుకుంది. స్క్రీన్ మీద పేరు పడింది.

ధనుంజయ్.

కాపీ ఇంకా బయటికి పోలేదు. ఆ థ్రెడ్ వేగు గుప్పిట్లో బిగుసుకుని ఉంది. గోడ మ్యాప్ మీద మన యుద్ధనౌక విన్యాసాలు చేస్తున్న చోటు ఎర్రపిన్నుతో గుచ్చి ఉంది. సైలస్ స్క్రిప్టులోంచి కాపీలోని అంకెలు చెరిపి, ఆ పిన్ను దగ్గరి అంకెలు రాయడం మొదలుపెట్టాడు. ఆఖరి అంకె పడుతుండగా తలుపు తెరుచుకుంది.

"నా దగ్గర్నుంచి వెళ్లాల్సింది వెళ్లలేదు," అన్నాడు ధనుంజయ్. చేతిలో పిస్టల్ ఉంది. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "వదలండి సైలస్ గారూ. కంటిన్యూ కొట్టండి."

"సోంబరు పేరు మీరే చెప్పారా?"

"దొరికింది మీ దయవల్లే కదా. కొట్టండి."

 సైలస్ కంటిన్యూ కొట్టాడు. 'పంపబడింది' అని స్క్రీన్ మీద వచ్చింది. ధనుంజయ్ ఊపిరి వదిలి పిస్టల్ సైలస్ నుదుటికి ఎత్తాడు. అంతలో కాఫీ బస్తాలు లాగే ఇనప కొక్కెం ఒకటి వెనకనుంచి వచ్చి అతని మణికట్టుకి తగులుకుంది. గంగాభవాని ఒక్క గుంజు గుంజింది. పిస్టల్ నేలమీద పడింది. అతను వంగబోతే సోములమ్మ దాన్ని కాలితో తన్ని బల్ల కిందికి తోసింది.

పొద్దున తన చేతులకున్న బేడీలనే గంగాభవాని అతనికి వేసింది.

విదేశీ ఓడ సైలస్ రాసిన అంకెల చోటికి నిక్కచ్చిగా వెళ్లి, మన యుద్ధనౌక ముందు నిలబడింది. డెక్ మీద జగన్నాథరావు జామకాయ తింటున్నాడట. ఎనభైమందీ క్షేమం.

స్కార్పియో ఎక్కబోతున్న గంగాభవాని దగ్గరికి సైలస్ వెళ్లాడు. "మేడమ్, డీబగ్గర్‌లో లోపం..."

"సోములమ్మ చెప్పింది," అందామె. "డీబగ్గర్ నా పేరు చెప్పింది, సరే. సోంబరు పేరు నేను మీకు చెప్పాను. ప్రమాదమని కూడా చెప్పాను. అది వినకపోవడం ఏ లైన్లో ఉంది?" జవాబు కోసం ఆగకుండా బండి స్టార్ట్ చేసింది.

మర్నాడు సైలస్ అరకు ఆస్పత్రికి వెళ్లాడు. సోంబరు మోకాలు ఇక వంగదని డాక్టరు చెప్పాడు. అతని కాఫీ తోట కొండవాలులో ఉంది. వంగని కాలుతో ఎక్కలేడు. మంచం పక్కన సోములమ్మ గంజి కలుపుతోంది. సైలస్ నిలబడే అంతా చెప్పాడు. థ్రెడ్డూ, స్క్రిప్టూ, తిరగబడిన రెండు లైన్లూ. తప్పు మెషిన్‌లో ఉందని వివరంగా చెప్పి, క్షమించమన్నాడు.

సోంబరు ఓపిగ్గా విన్నాడు.

"తప్పు మిసనుది," అన్నాడు.

"అవును."

"మరి సమించమని నువ్వొచ్చినావేటి బాబూ?"

సైలస్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆరు భాషల్లో అబద్ధం చెప్పడం నేర్పిన డిపార్ట్‌మెంట్, ఇలాంటి ప్రశ్న ఒకటి వస్తుందని మాత్రం ఎక్కడా హెచ్చరించలేదు.