సరిచేసిన గొంతు

ఆదివారం ఉదయం. కంటోన్మెంట్‌లోని ఆ ఇంట్లో హన్నా సింథసైజర్ మీద కప్పిన దుప్పటి తీసి వాకిట్లో దులిపింది. ఖనిజం లారీలు మొదలైనప్పటి నుంచి బళ్లారిలో ఏది దులిపినా ఎర్రదుమ్మే. లోపల భర్త కృపానిధి తెల్లచొక్కా గుండీలు పెట్టుకుంటూ గొంతు సవరించుకుంటున్నాడు. పేరులో ఉన్న కృప పేరులోనే ఉండిపోయిన మనిషి. చర్చి పాటల బృందానికి ముప్పయ్యేళ్లుగా నాయకుడు.

అన్నేళ్లూ హన్నా అదే బృందంలో పాడింది. పై స్వరానికి వెళ్లిన ప్రతిసారీ ఆమె గొంతు వెంట్రుకవాసి కిందికి జారేది. జారగానే కృపానిధి అందరి ముందూ బొటనవేలు పైకెత్తి చూపేవాడు, పెంచు అని. పోపు వేస్తూ పాడుకున్నా అదే వేలు. పోయిన సంవత్సరం ఆమె గొంతులో గడ్డ తీశారు. గడ్డతోపాటు మాటా పాటా కూడా పోయాయి. ఆసుపత్రి మంచం పక్కన ఆ మనిషి అన్న మొదటి మాట, "ఇంక శ్రుతి తప్పే బాధ లేదులే."

కూతురు తబితా దోణిమలైలో గనుల ఆఫీసులో పని చేస్తుంది. సింథసైజర్ ఆమె కొన్నదే. ఆపరేషనుకు ముందు, వంటింట్లో అమ్మ కూనిరాగం తీస్తుంటే పక్కన కూర్చుని, నాబులు తిప్పి తిప్పి అచ్చం అలాంటి ధ్వని తయారు చేసింది, ఆటగా. ఊపిరి సవ్వడి, చివర్లో వణుకు, పైకి పోతూ జారే ఆ జారుడు, అన్నీ పెట్టింది. మెట్టు గట్టిగా నొక్కితే గొంతు నిండేది, వదులు చేస్తే సన్నబడేది. ఎడమవైపు చిన్న చక్రంతో స్వరాన్ని ఇంకా కిందికో పైకో వంచడం కూడా అమ్మకు నేర్పింది. ఇప్పుడు హన్నాకు ఉన్న గొంతు అదొక్కటే.

ఆ రోజు స్త్రీల ఆదివారం. ఒక పాదం మగగొంతు, మరో పాదం ఆడగొంతు పాడే పాట ఉంది. హన్నా తన పాదాలు వేళ్లతో పాడాలి. ఒకసారి చూసుకుందామని మెట్టు నొక్కింది. నున్నగా, శుభ్రంగా, ఎవరో పరాయి మనిషి పాడింది. మళ్లీ నొక్కింది. మళ్లీ ఆ పరాయి మనిషే.

సెలవుకు ఇంటికొచ్చిన తబితా పళ్లు తోముకుంటూనే పరుగెత్తుకొచ్చింది. "నాయనా, దీన్ని ముట్టుకున్నావా?"

"రాత్రి సరిచేసినా," అన్నాడు కృపానిధి. "జారుడు తీసేసినా, వణుకు తీసేసినా. ఇప్పుడు శ్రుతి నేరుగా ఉండాది."

"వేరే నంబరులో దాచినావు కదా?"

"వేరే ఎందుకు? నువ్వు చూపిచ్చినట్టే, అదే నంబరు మీద సేవ్ చేసినా."

తబితా చేతిలోని బ్రష్షు నేల మీద పడింది. "అమ్మ గొంతు చెరిపేసినావు నాయనా. ఒక్క రికార్డింగూ లేదు, మళ్లీ చేయాలంటే నేను యాడ వినేది? ఎవరు పాడి వినిపిస్తారు?"

"బో పెద్ద గొంతు. ఇన్నేండ్లు నా పరువు తీసింది సాలదా? ఆ తప్పంతా పెట్టెలో పెట్టి మళ్లీ చర్చిలో వినిపియ్యాల్నా?"

"అది తప్పు కాదు. అది అమ్మ."

హన్నాకు ఏడుపొచ్చింది. చప్పుడు లేని ఏడుపు, గాలి మాత్రమే వచ్చింది. కృపానిధి గడియారం చూసుకుని, "సుమ్నే ఊరికూరికే ఏడ్సొద్దు, టైమయింది," అన్నాడు. పెళ్లయిన తర్వాత మొదటిసారి ఆమెకు అతని మీద కసి పుట్టింది. కళ్లు తుడుచుకుని, పెట్టె తీసుకురమ్మని కూతురికి సైగ చేసింది.

చర్చి నిండిపోయింది. మొదటి పాదం కృపానిధి పాడాడు. రెండో పాదానికి హన్నా వేళ్లు మెట్ల మీద పెట్టి, నొక్కలేదు. నొక్కు అని అతను కళ్లతో చెప్పాడు. ఆమె కదల్లేదు. పాట ఆగకూడదని ఆమె పాదం కూడా తానే ఎత్తుకున్నాడు. అరవై దాటిన గొంతు ఆ పై స్వరానికి ఎగబాకి, అందక, కిందికి జారింది.

హన్నా అందరి ముందూ బొటనవేలు పైకెత్తింది.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కృపానిధి మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ జారాడు. ఆమె వేలు దించలేదు. అతని మెడ ఎర్రబడింది, నోరు తెరిచే ఉంది, పాట రాలేదు. ఆ వేలి ముందు నిలబడి పాడటమంటే ఏమిటో అతనికి తెలిసొచ్చిందని హన్నాకు అర్థమైంది. దేవుని మందిరంలో పుట్టకూడని ఆనందం పుట్టింది. ఇంకాసేపు అలాగే నిలబెట్టింది. అతని కళ్ల నుంచి నీళ్లు జారాక గానీ వేలు దించలేదు.

అప్పుడు మెట్టు నొక్కి, ఎడమచేత్తో చక్రాన్ని కిందికి లాగింది, అతని గొంతు ఎక్కడ పడిపోయిందో సరిగ్గా అక్కడికి. గొంతు పరాయిదే, జారుడు మాత్రం ఆమెదే. కృపానిధి ఆ స్వరాన్ని పట్టుకుని, ఏడుస్తూనే, శ్రుతి తప్పుతూనే చివరిదాకా పాడాడు.

పాట అయ్యాక అతను ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. "నీ గొంతు ఒక్కసారి వినాలని ఉండాది హన్నా," అన్నాడు.

వినిపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అతని చేయి తీసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, తన గుప్పిట్లో మూసి పట్టుకుంది.