స్నేహలతకు చప్పట్లు

“పిల్ల గా బెంచీ మీదనే కూసున్నది కద సార్! ఆబ్సెంట్ ఎట్ల వేసిన్రు?”

ప్రణీత మేడం నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. మాట కాదు, దాడి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఆమె మంగళ, శుక్రవారాలు కేతేపల్లి నుంచి కట్టంగూర్ దగ్గరి మా బడికి వస్తుంది.

“ప్రెజెంట్ అనమన్న. అనలే,” అన్నాను.

“అనమన్నరు గనుకనే అనలే.”

“గిదేం లాజిక్ మేడం? లెక్కల సారును, నాకే సమజైతలేదు.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఏడో తరగతి స్నేహలతకు ఆటిజం. ఎవరైనా ఏదైనా చెయ్యమంటే చాలు, అది తనకిష్టమైన పనైనా సరే, గుండె దడదడలాడి ఒళ్ళు బిగుసుకుపోతుంది. మేమేమో పొగరనుకుని ఏడాదిన్నర తిట్టాం.

“మొండితనం కాదు సార్, భయం. చెయ్యమనకున్రి. చాక్‌పీస్ ఆడ వెట్టి, మీ పని మీరు చేసుకోన్రి.”

అలాగే చేశాను. నిజం చెప్పాలంటే పిల్ల కోసం కాదు, మేడం కోసం. మంగళ, శుక్రవారాలు తప్పకుండా గడ్డం గీసుకునేవాణ్ణి. బోర్డు మీద కావాలనే తప్పు లెక్క చేసి, “గిది కుదుర్తలేదేంది?” అని గొణుక్కునేవాణ్ణి.

ఒక వానరోజు స్నేహలత తనంతట తానే లేచింది. నా తప్పును అరచేత్తో తుడిచి, సరైన జవాబు రాసి వెళ్ళి కూర్చుంది. గుమ్మంలో తడిసి నిలబడ్డ ప్రణీత నా వైపు చూసింది. ఆ చూపుకు నేను రెండో ఎక్కం కూడా మరిచిపోయాను.

“జర బాగుపడ్డరు సార్!”

“టీచర్ మంచిగ దొరికింది మేడం.”

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

ఫిబ్రవరిలో వార్షికోత్సవం. పెద్ద సార్లంతా వచ్చారు. ప్రణీత చివరి వరుసలో కూర్చుంది. ఆమె చేసిన పని అందరికీ తెలియాలనిపించింది నాకు. ఎవరూ అడక్కుండానే మైకు అందుకున్నాను.

“బిడ్డా స్నేహలతా, రా! గీ లెక్క చేసి చూపియ్యి!”

పిల్ల కదల్లేదు. “అందరు చప్పట్లు కొట్టున్రి!” అన్నాను. భయపడే పిల్లలకు మా బడిలో ధైర్యం చెప్పే పద్ధతి అదే. మూడు వందల మంది కొట్టారు. కొట్టినకొద్దీ స్నేహలత ముడుచుకుపోయింది. చెవులు మూసుకుంది. చేతిని నెత్తురు వచ్చేలా కొరుక్కుంది. “ఆపున్రి!” అని అరుస్తూ ప్రణీత పరుగెత్తుకొచ్చింది. ఆ చప్పుడులో ఆమె గొంతు ఎవరికీ వినిపించలేదు.

ఆ తర్వాత స్నేహలత బడికి రాలేదు. జూలై వచ్చినా రాకపోతే వాళ్ళింటికి వెళ్ళాను.

“బడి పేరెత్తితే బువ్వ ముడ్తలేదు సార్. మీ గొంతు ఇంటే అర్ర తలుపు ఏసుకుంటాంది,” అంది వాళ్ళమ్మ జంగమ్మ, మూసి ఉన్న లోపలి గది వైపు చూస్తూ. ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ సాయంత్రం బస్టాపులో, తుంపర్లలో, ప్రణీత ముందు ఇక దాచుకోలేకపోయాను.

“మీకు పేరు రావాలని చేసిన మేడం. మీరంటే నాకు ఇష్టం.”

“నాకెరుకే.” ఆమె రోడ్డు వైపే చూస్తోంది. “నాగ్గూడ మీరంటే ఇష్టమే సార్. గందుకే మీ మొకం చూస్తే పానం పోతాంది. పిల్లను నమ్మి మీ చేతుల వెట్టింది నేనే కద.”

బస్సు వచ్చింది, ఎక్కేసింది. నేను ఏడాదిగా ఎదురుచూసిన మాట అది. ఆ మాట విన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం మళ్ళీ జంగమ్మ ఇంటికి వెళ్ళాను. ప్రణీత అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంది. నా వైపు చూడకుండానే కొంచెం జరిగి జాగా ఇచ్చింది. కూర్చున్నాను.

పొద్దుగూకేదాకా ఉన్నాం. స్నేహలత గది తలుపు తెరుచుకోలేదు.