పడవ మునిగిన ఒడ్డు

ఫొటో స్టూడియో ఆయన పొద్దున్నే ఇస్త్రీపెట్టె ముందేసుకుని తెల్లచొక్కాతో కుస్తీ పడుతున్నాడు. భార్య చేస్తానన్నా ఇవ్వలేదు. ఆ సాయంత్రం ఏటి తూర్పు ఒడ్డున స్మారకరాయి నిలబెడుతున్నారు. ఎప్పుడో ఆయన పుట్టకముందు పడవ మునిగి పోయినవాళ్ళ గుర్తుగా. ముసుగు తీసేది ఆయనే. ఆనాడు శవాలను ఒడ్డుకు చేర్చినప్పుడు ఫొటో తీసింది ఆయన తండ్రి మరి. ఆ ఘోరానికి ఊళ్ళో మిగిలిన ఆనవాలల్లా ఆ ఒక్క ఫొటోనే.

కూతురు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మునిసిపాలిటీ వేయిస్తున్న ఊరి చరిత్ర పుస్తకం రాస్తున్నది ఆమే. పుస్తకం కోసం నిన్న ఆ ఫొటోను పెద్దది చేసి చూసినప్పటినుంచీ ఆమెకు కాలూ చెయ్యీ ఆడడం లేదు. తండ్రి గుండె అంతంతమాత్రం. ఆవేశపడనివ్వొద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు. చెబితే ఈయనకేమవుతుందో. చెప్పకపోతే మధ్యాహ్నానికల్లా రాయి కోసం తవ్విన గుంతలో సిమెంటు పోసేస్తారు.

"ఏంటమ్మాయ్, టీ గ్లాసులో పెట్టుకుని ఉత్తి గుటకలు మింగుతున్నావు?"

"నాన్నా, ఆ ఫొటో తిరగబడింది."

"గోడమీద నిటారుగానే ఉందిగా!"

"కుడి ఎడమైంది నాన్నా. అందులో మగాళ్ళ చొక్కాలు చూడు. గుండీలన్నీ ఆడవాళ్ళ బట్టలకున్న వైపు ఉన్నాయి. ఒకరికైతే కుట్టినవాడి పొరపాటనుకోవచ్చు. అక్కడున్న అందరికీనా?"

ఫొటోలో జనం వెనక ఉత్తరాన, ఏటికి ఎగువనున్న గుట్ట కనిపిస్తుంది. దానికెదురుగా నిలబడితే ఏరు ఎడమచేతి వైపున్నట్టు ఉంటుంది. అందుకే అది తూర్పు ఒడ్డని ఊరంతా తీర్మానించుకుంది. గుట్టేమో బోర్లించిన బుట్టలా ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. ఎవరికీ అనుమానం రాలేదు.

ఆయన ఇస్త్రీపెట్టె ఠక్కున నిలబెట్టాడు. "అంటే? మా నాన్నకు ఫొటో వెయ్యడం రాదంటావా? నీ నాలుగక్షరాలూ ఆ స్టూడియో అన్నంతోనే వచ్చాయి!"

"తాతయ్యను ఏమీ అనడం లేదు. అది పడమటి ఒడ్డయితే రాయి తప్పు చోట..."

"ముఖాన సున్నం కొట్టించుకోమంటావా నన్ను? ఇన్నేళ్ళూ నోరెత్తనిది రాయి పాతే రోజే గుర్తొచ్చిందా?"

గొంతు లేచింది. మెడ నరాలు ఉబ్బాయి. కూతురు కుర్చీ లాక్కొచ్చింది. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, కూర్చో. నేనేమీ అనలేదనుకో."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. తల్లి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"అనలేదనుకోవడం ఎందుకే? అది నిజమే చెబుతోందండీ."

"నువ్వొకర్తెవి తక్కువయ్యావు. వచ్చావూ?"

"నేనెప్పుడో వచ్చానండీ. మీరే చూళ్ళేదు." ఆమె గొంతు పెంచలేదు. "మా పెద్దమ్మ ఆ పడవలోనే పోయింది. పడమటి ఒడ్డున, మా ఇంటి వెనక ఇసుకలోనే పడుకోబెట్టారు. మా అమ్మ నీళ్ళకు పోతూ అక్కడికి రాగానే పక్కకు తప్పుకుని నడిచేది. నన్నూ తొక్కనిచ్చేది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఇదే గోడ దగ్గర నిలబడి చెప్పాను. మీరేమన్నారో గుర్తుందా?"

ఆయన చూపు గోడమీది ఫొటో వైపు మళ్ళింది.

"'ఫొటో కంటే మీ అమ్మకు ఎక్కువ తెలుసా' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొత్త కోడల్ని, ఏం చేస్తాను? తర్వాత్తర్వాత నాకే అనుమానం వచ్చింది, మా అమ్మే పొరబడిందేమోనని. అప్పటికే పోయిన అమ్మను అడగలేను కదా."

కూతురు తల్లి మొహంలోకి చూసింది. ఊరంతా తిరిగి ముసలివాళ్ళందరినీ కూర్చోబెట్టి అడిగింది తను. ఇంట్లో ఉన్న ఈమెను ఒక్కమాట అడగలేదు.

స్టూడియో ఆయన వంగి మంచం కింది చెక్కపెట్టె లాగాడు. గుడ్డలో చుట్టిన గాజుపలక తీశాడు. ఫొటోకు మూలం అదే. కూతురు చెయ్యి అడ్డం పెట్టబోయింది. కోపంలో నేలకేసి కొడతాడేమోనని ఆమె భయం. ఆయన కిటికీ దగ్గరకెళ్ళి అంచు మీద గోరు ఆనించి చూశాడు. మందు పూసిన గరుకు వైపు అవతలికి, నున్నటి వైపు తన వైపుకి తిప్పి వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. అలా పట్టుకుంటేనే బొమ్మ అసలున్నట్టు కనిపిస్తుంది.

ఏరు కుడిపక్కన ఉంది.

పలకను కళ్ళకు దగ్గరగా తెచ్చుకున్నాడు.

"మందు పెచ్చులూడుతోంది," అన్నాడు. "కాగితానికి రాపిడైతే పోతుందని నున్నవైపు ఆనించి ఉంటాడు మా నాన్న. అందుకే బొమ్మ తిరగబడింది, మసకబారింది. పాతకాలం ఫొటో కదా, మసకే అందం అనుకున్నా. ఫొటోలు కడిగి బతికినవాణ్ణి, నాకు తెలియొద్దూ?"

"పోనీలెండి. పలక మిగిలింది," అంది భార్య.

ఆయన పలకను మంచం మీద పెట్టి ఫోనందుకున్నాడు. మునిసిపల్ ఇంజనీరు దొరికాడు.

"గుంత పూడ్పించండి బాబూ. ఆ ఒడ్డు కాదు... అవునండీ, కార్డులు పంచేశారు, తెలుసు. నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. నేనే నిలబడి చెబుతాను... ఎవరు చెప్పారంటే?" భార్య వైపు చూశాడు. "మా ఇంటావిడ చెప్పింది. ఇవాళ కాదు, పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. నేనే వినలేదు."

భార్య గోడకు చేరగిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు దగ్గరికెళ్ళబోయి ఆగిపోయింది. ఆయనే వెళ్ళాడు.

"ఎక్కడో చూపిస్తావా?" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "పొయ్యి కట్టేసి వస్తానుండండి."