కొలతల ఆదివారాలు

"ఇది కొనకండి మేడం," అన్నాడు కిరీటి, టేపు చుట్టుకుంటూ.

టేపు రెండో కొస సత్యశ్రీ చేతిలో ఇంకా అలాగే ఉంది. కంకిపాడు దాటాక రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్తే వచ్చే ఊళ్ళో, కొబ్బరిచెట్ల నీడలో ఆరు సెంట్ల స్థలం. పద్నాలుగు నెలలుగా ఆదివారం ఆదివారం తిరుగుతుంటే, ఆమెకు మనస్ఫూర్తిగా నచ్చింది ఇదొక్కటే.

"ఎందుకని?"

"ఆ తూర్పు వైపు చెట్లు మూడూ ఊరుమ్మడి డొంకదారిలో ఉన్నాయండీ. రేపు ఆ దారిన రోడ్డు పోశారంటే సెంటున్నర పోద్ది."

స్థలం చూపించడానికి వచ్చిన బ్రోకరు యేసుకుమార్ ముఖం మాడిపోయింది. "కొలవమంటే కొలవాలి గానీ, జాతకాలు చెప్పడం ఎందుకయ్యా?" అన్నాడు.

సత్యశ్రీకి కూడా అదే అనిపించింది. కానీ ఈ సర్వేయరును పిలిపించుకున్నది తనే. ఎండలో నిలబడి వాదించే ఓపిక లేక టేపు వదిలేసింది. అది జర్రున పాకుతూ వెళ్ళి అతని కాళ్ళ దగ్గర ఆగింది.

"మీరు పదిహేను నిమిషాల్లో తేల్చేశారు. నేను దీని కోసం ఎన్ని బస్సులు మారానో తెలుసా?" అంది.

"తెలీదండీ. కానీ కొన్నాక కోర్టుకి తిరిగే బస్సులు ఇంతకంటే ఎక్కువుంటాయి."

సమాధానం మర్యాదగానే ఉంది. అందుకే ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది.

సత్యశ్రీ ఉయ్యూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఉండేది విజయవాడ అవతలి కొసన, భవానీపురంలో. పొద్దున ఆరున్నరకు బయల్దేరి రెండు బస్సులు మారితే తొమ్మిది లోపు క్లాసులో ఉంటుంది. సాయంత్రం ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగి ఉంటాయి. ఇల్లంటే మూడో అంతస్తులో అద్దె వాటా. లిఫ్టు లేదు. తండ్రి జానకిరామ్ కొండపల్లి థర్మల్ స్టేషన్లో రిటైరయ్యాడు. రెండు మోకాళ్ళూ అరిగిపోయి, ఈ ఏడాదిలో కిందికి దిగింది రెండే సార్లు. రెండు సార్లూ ఆసుపత్రికే. మిగతా రోజుల్లో ఆయన బాల్కనీలో కూర్చుని కింద పోయే మనుషుల నడినెత్తులు చూస్తుంటాడు.

కాలేజీకి అరగంట దూరంలో, నేల మీద, తండ్రి గడప దాటి నాలుగడుగులు వేయగలిగే ఇల్లు. ఆమె కోరిక అంతే. రాజధాని పేరు చెప్పి ఉయ్యూరు దాకా స్థలాల ధరలు పెంచేశారు. అందుకే వారం వారం ఇంకా లోపలికి, ఇంకా చిన్న ఊళ్ళకి వెతుక్కుంటూ వెళ్తోంది.

తర్వాతి ఆదివారం మళ్ళీ కిరీటికే ఫోన్ చేసింది. నిజం చెప్పే మనిషిని వదులుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

రెండో స్థలం రిజిస్ట్రేషన్‌కు వీల్లేని నిషేధిత జాబితాలో తేలింది. మూడోది ముగ్గురు అన్నదమ్ములది. సంతకం పెట్టని మూడోవాడు ఎక్కడున్నాడో మిగతా ఇద్దరికీ తెలీదు. నాలుగోదానికి అన్నీ ఉన్నాయి, దారి తప్ప.

"మీరు జీవితంలో ఏ స్థలాన్నయినా బాగుందన్నారా?" అని అడిగింది సత్యశ్రీ. అప్పుడు ఇద్దరూ రోడ్డు పక్క చెరుకురసం బండి దగ్గర ఉన్నారు.

"మా పెద్దమ్మ స్థలం బాగుందన్నానండీ."

"మరి అదే చూపించొచ్చుగా?"

"ఆవిడ అమ్మనంది."

సత్యశ్రీకి నవ్వు వచ్చింది. ఈ మధ్య నవ్వినా మెడ నొప్పి పుడుతోంది, బస్సుల వల్ల. మెడ పట్టుకునే నవ్వింది. అతను గ్లాసు పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయి, ఆమె తలెత్తగానే చెరుకు గడల వైపు చూపు తిప్పుకున్నాడు.

కిరీటిది చల్లపల్లి. ముప్పై నాలుగేళ్ళు. పాలిటెక్నిక్ చదివి సర్వే లైసెన్సు తీసుకున్నాడు. పెళ్ళి ఎందుకు కాలేదని ఆమె అడగలేదు. ఒకసారి టేపు అటు కొస నుంచి అతనే చెప్పాడు.

"పెళ్ళిచూపులకెళ్తే సొంత స్థలం ఎంతుందని అడుగుతారండీ. ఈ మండలంలో ఎవరి స్థలం ఎంతో నాకు తెలుసు. నాది మాత్రం లేదు. టేపు కాస్త బిగించి పట్టుకోండి."

ఆరో ఆదివారం పామర్రు రోడ్డులో ఒక స్థలం చూశారు. ధర తక్కువ. కాగితాలు సక్రమంగా ఉన్నాయి. బస్సు ఎదురుగానే ఆగుతుంది. కిరీటి చుట్టూ తిరిగి చూసి, "మురుగు కాలవ కంటే పల్లంగా ఉందండీ. వద్దు," అన్నాడు.

ముందు రోజే యేసుకుమార్ ఫోన్ చేసి ఆమెతో ఒక మాట అన్నాడు. "మీకు స్థలం దొరికితే అతనికి గిరాకీ పోద్ది మేడం. వారం వారం ఫీజు వస్తుంటే బాగుందని ఎందుకంటాడు?" మామూలప్పుడైతే ఆ మాటని కొట్టిపారేసేది. ఆ వారం పరీక్షల డ్యూటీలు, రెండు రాత్రులు తండ్రికి నొప్పులు, ఇద్దరికీ నిద్ర లేదు.

"ఇంకా ఎన్ని ఆదివారాలు కావాలి మీకు?" అంది. "సరిపడా ఫీజు వచ్చాక చెబుతారా బాగుందని?"

కిరీటి టేపు చుట్టేశాడు. సామాను బండికి కట్టుకుని, "ఈ వారం ఫీజు వద్దండీ," అని వెళ్ళిపోయాడు.

ఆమె వెనక్కి పిలవలేదు. ఆ స్థలమే కొనాలని నిశ్చయించుకుంది. రెండు వారాల్లో అడ్వాన్సు ఇస్తానని యేసుకుమార్‌కు మాట కూడా ఇచ్చింది.

అడ్వాన్సు గడువు ముంచుకొచ్చే వారంలో వాన పట్టుకుంది. నాలుగు రోజులు తెరిపి లేదు. ఐదో రోజు మధ్యాహ్నం కాలేజీకి సెలవిచ్చేస్తే, ఆమె ఇంటి బస్సు ఎక్కకుండా పామర్రు బస్సు ఎక్కింది. ఎందుకో ఒకసారి చూడాలనిపించింది.

గొడుగు పట్టుకుని రోడ్డు దిగింది. స్థలమంతా నీళ్ళు. హద్దు రాళ్ళు కూడా కనబడటం లేదు. ఏ మూల వంటిల్లు కట్టుకోవాలనుకుందో సరిగ్గా అక్కడ రెండు కొంగలు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. సత్యశ్రీ వాటిని చూస్తూ చాలాసేపు ఉండిపోయింది. తర్వాత ఫోన్ తీసింది.

"కిరీటి గారూ, మా వంటింట్లో రెండు కొంగలున్నాయి."

అవతల కూడా వాన చప్పుడు వినబడుతోంది.

"మీరెక్కడున్నారు?"

"వాటికి ఎదురుగా."

"రోడ్డెక్కండి ముందు. పల్లంలో పురుగూ పుట్రా ఉంటాయి. వస్తున్నా."

ముప్పావు గంటలో వచ్చాడు. రెయిన్‌కోటు లేదు. తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు కారుతున్నాయి. ఆమె గొడుగు సగం అతని వైపు జరిపింది. అప్పటికే తడిసినవాడికి దాని వల్ల ఒరిగేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు. అయినా అతను తప్పుకోలేదు.

"ఆ రోజు అలా అని ఉండకూడదు. క్షమించండి," అంది.

"అలిసిపోయినప్పుడు అన్న మాటలు పట్టించుకోనండీ."

"పట్టించుకోకపోతే పది రోజులు ఫోన్ చెయ్యలేదేం?"

కిరీటి కొంగల వైపు చూశాడు. "పట్టించుకున్నాను," అన్నాడు.

బస్సు వచ్చేదాకా ఒకే గొడుగు కింద నిలబడ్డారు.

ఆ తర్వాత ఇల్లు దొరకడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. దాన్ని ఏ బ్రోకరూ చూపించలేదు. చల్లపల్లి బస్సులో వెళ్తూ కిటికీలోంచి సత్యశ్రీయే చూసింది. గోడ మీద సున్నంతో 'ఇల్లు అమ్మబడును' అని రాసి ఉంది. ఐదు సెంట్లు, రెండు గదుల స్లాబు ఇల్లు, ముందు వరండా, పక్కన జామచెట్టు. కాలేజీ నుంచి పాతిక నిమిషాలు. చేపల వ్యాపారం బందరుకు మార్చుకుంటున్న బుల్లెమ్మది ఆ ఇల్లు. ఆమె చెప్పిన ధర సత్యశ్రీకి అందేలాగే ఉంది.

ఆ ఆదివారం తండ్రిని కూడా తీసుకొచ్చింది. మూడు అంతస్తులు దించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వరండాలో బుల్లెమ్మ వేసిన కుర్చీలో కూర్చుని జానకిరామ్ కళ్ళు మూసుకున్నాడు.

కిరీటి కొలిచాడు. కాగితాలు చూశాడు. మళ్ళీ కొలిచాడు. పెరట్లోకి వెళ్ళి కాలవ ఎంత లోతుందో చూసి వచ్చాడు. మళ్ళీ టేపు తీశాడు.

"చెప్పండి. దీనికేం వచ్చింది?" అంది సత్యశ్రీ, పెరటి గట్టు మీద కూలబడుతూ.

"ఏమీ లేదండీ. కాగితంలో ఎంతుందో నేల మీద అంతే ఉంది. నీరు నిలవదు. దారి ఉంది. కొనండి."

"ఆ మాటేదో సంతోషంగా చెప్పొచ్చుగా. ఆ ముఖమేంటి?"

కిరీటి టేపు చుట్టడం ఆపాడు. "ఏదన్నా తేడా దొరుకుద్దేమోనని మళ్ళీ మళ్ళీ కొలిచానండీ. దొరకలేదు."

"తేడా ఎందుకు దొరకాలి?"

"వచ్చే ఆదివారం మీరిక పిలవరు గదండీ."

జామచెట్టు మీద ఉడత ఒకటి కిందికి దిగి, ఇద్దర్నీ చూసి మళ్ళీ పైకి పోయింది. ఈ మాట ఎప్పుడైనా వింటే ఎలా ఉంటుందో సత్యశ్రీ ఒకటి రెండుసార్లు ఊహించుకుంది. కాళ్ళు ఇంత లాగుతూ ఉంటాయని మాత్రం ఊహించలేదు.

"ఒక మాట చెప్పనా?" అంది చివరికి. "సంతోషపడటానికి కూడా నాకిప్పుడు ఓపిక లేదు. రేపో ఎల్లుండో నెమ్మదిగా పడతాను. ఏమనుకోకండి."

"అనుకోనండీ."

"వచ్చే ఆదివారం రండి. కొలవడానికేం లేదు. ఊరికే రండి."

కిరీటి తలూపాడు.

వరండాలోకి వచ్చేసరికి జానకిరామ్ కళ్ళు తెరిచే ఉన్నాడు. పెరటి తలుపు కూడా తెరిచే ఉందని ఇద్దరికీ అప్పుడు తట్టింది.

"బాబూ, మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మండీ. కొండలమ్మ."

"ఆవిణ్ణి తీసుకురా ఒకసారి. మేం వచ్చి అడగడం మర్యాదే గానీ, ఈ కాళ్ళతో ఎప్పటికి వస్తానో ఏమో. ఆవిడ తప్పు పట్టదుగా?"

"పట్టదండీ. రోజూ నన్నే తిడుతుంది, ఎవరినైనా చూసుకోమని."

"ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నావు గదా," అన్నాడు జానకిరామ్.

కిరీటి తల దించుకుని నవ్వుకున్నాడు. సత్యశ్రీ ఆ మాట వినలేదు. వరండా చివర గచ్చు మీద కూర్చుని, స్తంభానికి ఆనుకుని అప్పటికే నిద్రలోకి జారిపోయింది. ఎండ పాదాల దాకా వచ్చినా తెలియలేదు. కిరీటి లేచి, ఆ ఎండకు అడ్డంగా వెళ్ళి కూర్చున్నాడు.

బుల్లెమ్మ మూడు గ్లాసుల మజ్జిగ తెచ్చి, గుమ్మంలో ఆగింది.

"ఏమన్నది అమ్మాయి? కొంటదా?"

"కొంటుందమ్మా," అన్నాడు జానకిరామ్ గొంతు తగ్గించి. "కాసేపు పడుకోనియ్యి."