పక్క సీటు ఖాళీ

యూనివర్సిటీ లైబ్రరీ రీడింగ్ హాల్లో, ఆ జూలై మధ్యాహ్నం, అమల కుర్చీలో కూర్చుని విమానం నడుపుతోంది.

ఎడమచేత్తో లేని స్టీరింగును పట్టుకుంది. కుడిచెయ్యి గాలిలో ఏదో మీటను మెల్లగా ముందుకు తోస్తోంది. కళ్లు మూసుకుంది, పెదవులు కదులుతున్నాయి. బయట వదలని ముసురు, లోపల పాత ఫ్యాన్ల చప్పుడు. ఆ రెండింటి మధ్య తన గొంతు పైకి లేచిన సంగతి ఆమెకు తెలియలేదు.

ఎదుటి బల్ల దగ్గర జియోఫిజిక్స్ రీసెర్చ్ స్కాలర్ ప్రణీత్ పెన్సిల్ కింద పెట్టాడు.

"ఏమండీ, మీ బండి ఎటూ స్టార్టయ్యేలా లేదు. నా గ్రాఫు మాత్రం రెండుసార్లు తప్పింది."

అమల కళ్లు తెరిచింది. "బండి కాదు, విమానం," అంది.

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. పుస్తకాలు సర్దుకుని, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. బల్ల మీద మరిచిపోయిన పలుచటి పుస్తకం చూశాక గానీ ప్రణీత్‌కు తాను దేనికి నవ్వాడో తెలియలేదు. మొదటిసారి ఒంటరిగా ఎగిరే ముందు విద్యార్థి పైలట్లు తెలుసుకోవలసిన విషయాలు అందులో ఉన్నాయి.

మర్నాడు ఆ పుస్తకం పట్టుకుని, అట్ట మీద రాసి ఉన్న ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు ముందు నిలబడ్డాడు. నిన్న నవ్వినందుకు తనకే సిగ్గేసిందని ఒప్పుకున్నాడు. పుస్తకమంతా చదివేశానని కూడా చెప్పాడు.

"అంతా చదివినరా?" అంది అమల, అనుమానంగా.

"అర్థమైంది సగమే. కానీ ప్రశ్నలడగడానికి సగం చాలు. మీకు ప్రశ్నలడిగే మనిషి ఉన్నాడా?"

లేడు. అమల ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. తండ్రి వీరస్వామి మౌలాలి లోకో షెడ్డులో రైలింజన్ల ఫిట్టర్. ఎమ్మెస్సీ చదువుతుండగా ఆమెకు ప్రభుత్వం వారి పైలట్ శిక్షణ సీటు వచ్చింది. ఆ సంగతి ఆయన షెడ్డులో ప్రతి మనిషికీ చెప్పుకున్నాడు. చర్చిలో ప్రత్యేక ప్రార్థన కూడా చేయించాడు. బేగంపేటలోని ఫ్లయింగ్ క్లబ్బులో ఉదయం క్లాసు, ఆ తర్వాత యూనివర్సిటీ. ఇంతవరకు పక్కసీట్లో గురువు కూర్చుంటేనే ఎగిరింది. ఆగస్టు ఆఖరులోగా ఒంటరిగా ఎగిరి దిగాలి. దాన్నే సోలో అంటారు. అది కాకపోతే సీటు వరసలో తర్వాతి వాళ్లకు పోతుంది. ఆ ఏడు వానలేమో వదలడం లేదు. వారంలో సగం రోజులు క్లబ్బుకు వెళ్లి, కిందికి వేలాడుతున్న మబ్బును చూసి తిరిగి రావడమే అయింది.

అలా ప్రణీత్ అడగడం మొదలుపెట్టాడు, అమల చెప్పడం మొదలుపెట్టింది. వాన లేనప్పుడు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద, ఉన్నప్పుడు తార్నాకలోని ఇరానీ హోటల్లో. అతని ఇల్లు ఆ దగ్గర్లోనే. నాన్నగారి ఉద్యోగం కోసం ఏలూరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం.

రన్‌వే మీంచి లేవగానే ఇంజను ఆగితే ఏం చేస్తావంటే, వెనక్కి తిరగను, ముక్కు దించి ఎదురుగా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే దింపుతానని ఆమె చెప్పేది. పక్కబల్ల దగ్గరి ముసలాయన చాయ్ కప్పు దించి వీళ్లను అనుమానంగా చూసేవాడు.

మీరు పోయి నువ్వు వచ్చింది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు. తార్నాక చౌరస్తాలో ఒకే గొడుగు కింద, రోడ్డు దాటడానికి నిలబడినప్పుడు కూడా అతను ఊరుకునేవాడు కాదు.

"రేడియో పాడైంది. టవర్ నుంచి ఎర్రలైటు చూపిస్తున్నారు. ఇప్పుడు?"

"దిగను. చుట్టు తిరుగుతుంట."

"పచ్చలైటు వచ్చింది."

"దిగుత."

"అది కాదు, సిగ్నల్‌కి పచ్చలైటు వచ్చింది. నడు."

అప్పుడు అమల నవ్వింది. ఆమె నవ్వడం అతను చూడటం అదే మొదటిసారి. గొడుగు ఆమె వైపు కాస్త వంచాడు. అతని భుజం తడుస్తున్న సంగతి ఆమె చూసింది, చూడనట్టు నడిచింది.

ఆగస్టు మొదట్లో ఒక ఉదయం మబ్బు కొంచెం పైకి జరిగింది. గురువు కెప్టెన్ సుబ్బరాయుడు ఆమెను సర్క్యూట్లకు తీసుకెళ్లారు. సర్క్యూట్ అంటే లేచి, రన్‌వే పక్కగా ఒక చుట్టు తిరిగి, మళ్లీ అదే రన్‌వే మీద దిగడం. మధ్యలో రన్‌వేకు సమాంతరంగా వెళ్తున్నప్పుడు బ్రేకులు, ఇంధనం, బెల్టు అన్నీ సరిచూసుకోవాలి. ఎప్పుడూ ఆయన పక్కనుంచి "తర్వాతేంటమ్మా" అంటూ ఉండేవారు. ఆ రోజు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒక్క మాటా అనలేదు.

అమల ఎత్తు తప్పలేదు. దిశ తప్పలేదు. కానీ ఆ తనిఖీలకు చేతులు కదల్లేదు. చెవులు రిక్కించుకుని కూర్చుంది. అలాగే మలుపు తిరిగింది, అలాగే పవర్ తగ్గించింది. ఇంజను ఒకసారి పొడిదగ్గు దగ్గింది. కెప్టెన్ చెయ్యి చాపి కార్బురేటర్‌కు వేడిగాలి ఇచ్చే మీటను లాగారు. విమానాన్ని ఆయనే దించారు.

కిందికి దిగాక రెక్క కింద నిలబెట్టి అడిగారు. "ఆ మీట ఎందుకు లాగాలి?"

వానాకాలం గాలిలో తేమ ఉంటుందనీ, పవర్ తగ్గించినప్పుడు కార్బురేటర్ లోపల ఆ తేమ మంచుగా పేరుకుని ఇంజను ఆగిపోవచ్చనీ అమల గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"మరి లాగలేదేం?"

"మీరు అడుగలే సార్."

ఆ మాట నోరు దాటాక గానీ దాని అర్థం ఆమెకు తెలియలేదు. కెప్టెన్ టోపీ తీసి, ఎవరితో చదువుతున్నావని అడిగారు. ఒక ఫ్రెండ్ అడుగుతాడు, నేను చెప్తానంది.

"అదీ సంగతి. అడిగితే నీకన్నీ వచ్చు. పైన అడిగేవాడుండడు. నేను దిగిపోయాక ఆ సీటు ఖాళీ. ఈ అలవాటు పోతే తప్ప నిన్ను పంపను. సీటు పోతుందని జాలిపడి కూడా పంపను. నా మీద కోపంతోనైనా బతికే ఉంటావు, అది చాలు."

తిరిగి వచ్చే బస్సులో అమల అద్దానికి తల ఆనించి కూర్చుంది. కెప్టెన్ గారికి తెలియని ముక్క ఒకటుంది. పైన తాను చెవులు రిక్కించింది ఆయన గొంతు కోసం కాదు.

ఆ సాయంత్రం హోటల్లో ప్రణీత్ నోరు తెరిచేలోపే చెప్పేసింది. "ఇగ నన్ను ఏం అడుగకు. కెప్టెన్ సార్ ఒద్దన్నడు."

"సరే, అడగను. చాయ్ తాగుదాం."

"అది గూడ ఒద్దు. సోలో అయ్యేదాక మనం కలవద్దు."

అతని మొహం చూస్తేనే ఆమె మనసులో అతని ప్రశ్నలు మొదలవుతున్నాయి. ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. మొత్తం చెబితే ఇక్కణ్ణుంచి లేవడం తన వల్ల కాదు. అందుకని చల్లారుతున్న చాయ్ కేసి చూస్తూ కూర్చుంది.

ప్రణీత్ తన కప్పు అవతలికి జరిపాడు. "అంటే నాతో పని అయిపోయింది. ట్యూషన్ మాస్టారిని మానిపించినట్టు మానిపిస్తున్నావు," అన్నాడు.

ఆమె కాదనలేదు. అతను వానలోకే వెళ్లిపోయాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో అమలకు సరిగా గుర్తులేదు. లైబ్రరీకి వెళ్లడం మానేసింది. ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి బస్సు వెళ్తుంటే తల అవతలికి తిప్పుకునేది. మౌలాలి క్వార్టర్లో, తలుపు దగ్గరగా వేసుకుని, చెక్కకుర్చీలో కూర్చుని ప్రతి తనిఖీనీ తనంతట తానే మొదలుపెట్టడం నేర్చుకోసాగింది. మొదట్లో చెయ్యి లేచేది కాదు. ఎవరో ఒక మాట అంటే బాగుండునని ఒళ్లంతా ఎదురుచూసేది. వీరస్వామి షెడ్డు నుంచి వచ్చి, తలుపు సందులోంచి కూతురిని చూసి, చప్పుడు చెయ్యకుండా చెప్పులు విప్పుకునేవాడు. ఏమైంది బిడ్డా అని ఒకసారి అడిగాడు. ఏం లేదు నాయినా, వాన గదా అంది. ప్రణీత్ ఒక్కసారైనా డిపార్ట్‌మెంటు ముందు కనిపిస్తాడేమో అనుకుంది. కనిపించలేదు. తనే కదా రావద్దంది.

నెలాఖరు దగ్గర పడ్డాక ఒక ఉదయం తెల్లటి ఎండ కాసింది. కెప్టెన్ ఆమెతో రెండు చుట్లు తిరిగారు. రెండింటిలోనూ మాట్లాడలేదు, ఆమె చేతులనే చూశారు. కిందికి వచ్చాక పక్కకు ఆపమన్నారు. తలుపు తీసి దిగి, తన సీటు బెల్టు జారకుండా బిగించారు.

"నా బరువు లేదు గనక తొందరగా లేస్తుంది. దిగేటప్పుడు నేల తాకనని మొండికేస్తుంది. ఒక్క చుట్టు. వెళ్లిరా."

తలుపు వేసి, వెనక్కి చూడకుండా నడిచిపోయారు.

నిజంగానే తొందరగా లేచింది. కుడివైపు ఖాళీ సీటు, దాని అవతల ఎక్కడో మౌలాలి గుట్ట, కింద చిన్నచిన్న మేడలు. రన్‌వే పక్కగా వస్తుండగా ఆమె చెయ్యి తనంతట తానే కదిలింది. బ్రేకులు, ఇంధనం, బెల్టు, వేడిగాలి మీట. అన్నీ పూర్తయ్యాక గానీ ఆమెకు తట్టలేదు, ప్రణీత్ గొంతు రాలేదని. గెలిచానని అనిపించాలి. ఏడుపొచ్చింది. ఏడవడానికి అక్కడ వేళ లేదు గనక మలుపు తిరిగింది.

దిగుతుంటే విమానం నేల తాకకుండా తేలుతూనే పోయింది. ముందు రన్‌వే తరిగిపోతోంది. దింపేద్దామని ఒక్క క్షణం ఆశ పుట్టింది. కానీ పవర్ నిండా పెట్టి మళ్లీ పైకి లేచింది. రెండోసారి చక్రాలు మెత్తగా ఆనాయి.

"మొదటిసారి ఎందుకు దిగలేదు?" అన్నారు కెప్టెన్.

"రన్‌వే చాలదనిపిచ్చింది సార్. లేపిన."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలే."

ఆయన తలూపి పక్కకు జరిగారు. ఆయన వెనకనుంచి మెకానిక్ ఎంకన్న బకెట్టెడు నీళ్లు ఎత్తి ఆమె నెత్తిన కుమ్మరించాడు. మొదటి సోలో నుంచి తిరిగివచ్చిన ఎవరికైనా ఆ క్లబ్బులో అదే మర్యాద.

అమల బట్టలు పిండుకుని బస్సెక్కింది. కండక్టర్ బయటి ఎండను, ఆమెను మార్చి మార్చి చూసి, "ఏమ్మా, నీ ఒక్కదానికే పడ్డదా వాన?" అన్నాడు. ఆమె మౌలాలికి టికెట్ అడగబోయి తార్నాక అంది.

ప్రణీత్ ఇంటిని వీధిలోంచి చూడటమే గానీ ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు. ప్రణీత్ తల్లి వెంకటరమణమ్మ తలుపు తీసి, ఎవరమ్మా అంటుండగానే లోపలినుంచి అతనూ వచ్చాడు. గడ్డం పెరిగింది.

"సోలో అయింది," అంది అమల.

"కంగ్రాట్స్," అన్నాడు అతను, గుమ్మం కేసి చూస్తూ.

తల్లి అక్కడే ఉందని అమలకు తెలుసు. అయినా ఆగలేదు. "సార్ ఒద్దన్నది అడిగిచ్చుకునుడు. నిన్ను ఒద్దన్నది నేను. పైన నేను నీ గొంతు కోసం ఆగిన ప్రణీత్. ఇంజన్ ఆగేటట్టయినా ఆగిన. గా మాట ఆ దినమే చెప్తే నువ్వు పోకపోతుంటివి, నేను పోనియ్యకపోతుంటి. సీటు పోతుండె."

అతను తలెత్తాడు.

"ఇయ్యాల నీ గొంతు రాలే. అన్నీ నేనే చేసుకున్న. ఇప్పుడు నీతోటి నాకేం పని లేదు. పని లేకున్నా నువ్వు కావాలె."

ఆమె జుట్టులోంచి నీళ్లు గడప మీద పడుతున్నాయి. వెంకటరమణమ్మ లోపలికి వెళ్లింది. అయిపోయిందనుకుంది అమల. ఆవిడ తువ్వాలుతో తిరిగివచ్చింది.

"మీ ఇల్లెక్కడమ్మా?"

"మౌలాలి ఆంటీ. నాయిన లోకో షెడ్డుల ఫిట్టర్. మేము చర్చికి పోతం." ఎప్పుడో ఒకప్పుడు అడగబోయేవన్నీ ఆమె ఒకేసారి చెప్పేసింది.

వెంకటరమణమ్మ మొహం ముడుచుకుంది. అది దాచుకోవాలని ఆవిడ ప్రయత్నించలేదు. "వీళ్ల నాన్నగారు తేలిగ్గా ఒప్పుకోరు. నేనూ ఇప్పుడే ఏమీ అనలేను," అంది. అంటూనే తువ్వాలు అమల చేతిలో పెట్టింది. "ముందు తల తుడుచుకో. జలుబు చేస్తే విమానం ఎక్కనివ్వరట కదా."

"మీకెట్ల తెలుసు ఆంటీ?"

"జూలై నుంచి ఈ ఇంట్లో వేరే మాట ఉంటేగా. ఈ మూడు వారాలూ అదీ లేదు. వీడు అన్నం ముందు మూగవాడిలా కూర్చుంటే చూడలేకపోయాను."

ప్రణీత్ చెప్పులు వేసుకుని ఆమెతో పాటు బస్‌స్టాప్‌కు వచ్చాడు. మళ్లీ మబ్బు పడుతోంది. నేనూ మౌలాలికి వస్తాను, మీ నాన్నగారితో ఇద్దరం కలిసి చెబుదామన్నాడు.

అమల తల అడ్డంగా ఊపింది. నాయిన బాధపడతాడు, బహుశా కోపపడతాడు కూడా. షెడ్డులో అందరికీ సోలో సంగతి చెప్పుకోవాలని కాచుకుని ఉన్న మనిషికి ఈ రెండో మాట కూడా ఇవాళే చెప్పాలి. అది తను ఒక్కతే చెప్పాలి. "నువ్వు ఆదివారం చర్చి అయినంక రా. ఆయన నిన్ను అడుగుతడు. ఏం చేస్తవు, ఎన్నడు కొలువు దొరుకుతది, మీ ఇంట్ల ఏమంటున్నరు, అన్నీ అడుగుతడు. నేను లోపల చాయ్ పెడ్తుంట."

"పక్కన కూర్చోవా?"

"కూసోను."

బస్సు వచ్చింది. మొదటి చినుకులు పడ్డాయి. ఆమె ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది.

"మీ నాన్నగారికి కోపమొస్తే ఏం చెయ్యాలో అదైనా చెప్పు," అన్నాడు ప్రణీత్, బస్సు వెంట రెండడుగులు నడుస్తూ.

"చెప్పను," అంది అమల.