రెండో శాంపిల్

వర్షిణి రిపోర్టు కాగితాన్ని టపీమని టేబుల్ మీద పెట్టింది.

“ఏంటండీ ఇది? ప్లాంటు నడుపుతున్నారా, నిద్రపోతున్నారా?”

పరమేశ్ లేచి నిలబడ్డాడు. సూరత్ పాండేసరాలోని ఆ డైయింగ్ మిల్లులో రంగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటుకు అతనే ఆపరేటర్. వారం కిందట ఈ అమ్మాయి శాంపిల్ కోసం వచ్చి వెళ్లినప్పటి నుంచి అతనికి అసలు నిద్రే లేదు. కానీ ఆ సంగతి ఇప్పుడు చెప్పుకునేది కాదు.

అది 2021. కరోనా కాస్త తగ్గి, విదేశీ ఆర్డర్లు మళ్లీ మొదలయ్యాయి. కొనేవాళ్లు గుడ్డ కంటే ముందు మిల్లు నీళ్లెలా ఉన్నాయని అడుగుతున్నారు. దాంతో సూరత్‌లో చీరల దుకాణాలతో పోటీపడి ఎన్విరాన్‌మెంటల్ కన్సల్టెన్సీ బోర్డులు వెలిశాయి. రైల్వే ఉద్యోగి సూర్యప్రకాశరావుగారి అమ్మాయి వర్షిణి అలాంటి ఒక ఆఫీసులో ఇంజినీరు.

“జర్మనీ ఆర్డర్ పోయిందా, ముందు నువ్వు ఇంటికి!” అని మిల్లు యజమాని సేఠ్ హిందీలో అరిచాడు.

పోయేది పరమేశ్ ఒక్కడే కాదు. లాక్‌డౌన్‌లో పని పోయి, మొన్ననే తిరిగొచ్చిన రెండొందల మంది ఆ ఆర్డర్ మీదే ఆశ పెట్టుకున్నారు.

“ప్లాంటు మంచిగనే నడుస్తుంది మేడం. జర నమ్ముండ్రి.”

“నమ్మకాన్ని జర్మనీకి పంపలేనండీ. నీళ్లలో మురికి లెక్క, సీవోడీ, రెండొందల యాభై దాటకూడదు. ఇక్కడ తొమ్మిది వేలు! నీళ్లలో ఏం కలిపారు?”

“ఒట్టు, ఏం కలపలే!”

“ఆ రోజు నేను చాయ్‌కి వెళ్లినప్పుడు నా ఖాళీ సీసాల్ని ఎవరైనా ముట్టుకున్నారా?”

పరమేశ్ ముఖం వెలిగిపోయింది. ఇదొక్కటైనా గర్వంగా చెప్పుకోవచ్చు.

“నేనే మేడం! లోపట, బయట శానిటైజర్ పోసి కడిగిన. మీరు పది మిల్లులు తిరుగుతరు గదా, మీకు కరోనా అంటొద్దని...”

వర్షిణి నెత్తి పట్టుకుంది.

“అరే భగవాన్! శానిటైజర్ అంటే ఆల్కహాల్. ఆ టెస్టు దాన్ని కూడా మురికి కిందే లెక్కేస్తుంది!”

సేఠ్ నోరు తెరిచాడు. పరమేశ్ జేబులోని శానిటైజర్ సీసాను ఇంకా లోపలికి తోశాడు. వర్షిణి మాత్రం నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంది.

“కొత్త సీసాలతో మళ్లీ తీస్తాను. ఈసారి దో గజ్ కీ దూరీ, రెండు గజాల దూరం! నాకు కాదు, సీసాలకి.”

కొత్త రిపోర్టు కోసం ఎదురుచూసిన ఆ ఐదు రోజులూ భేస్తాన్‌లోని ఇంట్లో పరమేశ్‌కు ముద్ద దిగలేదు. “ఏందిరా గిట్లయినవ్?” అని తల్లి బుచ్చవ్వ నుదురు పట్టి చూసేది. జ్వరం లేదు. చెప్పడానికి అతనికి ధైర్యమూ లేదు.

ఆరో రోజు వర్షిణి వచ్చి కాగితం ముందుకు జరిపింది. నూట ఎనభై! ఆర్డర్ నిలిచింది. సేఠ్ మిఠాయి కోసం బజారుకు మనిషిని పరుగెత్తించాడు.

“ఇక్కడొక కాలమ్ మిగిలింది” అంది వర్షిణి. “మొదటి శాంపిల్ చెడిపోవడానికి కారణం. ఏం రాయమంటారు?”

పరమేశ్ అటూ ఇటూ చూశాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు.

“ఆపరేటర్‌కు మేడం అంటే పాణం అని రాయుండ్రి.”

పెన్ను ఆగింది. మాస్కు పైన కనిపించే రెండు కళ్లూ అతన్నే చూశాయి. తర్వాత ఆమె ‘శానిటైజర్’ అని మాత్రం రాసి సంతకం పెట్టింది.

“మిగతాది ఆదివారం మా ఇంటికొచ్చి నాన్నతో చెప్పు. ఆయన కొత్తిమీరక్కూడా శానిటైజర్ కొడతారు. మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది.”

“వస్త మేడం!”

“ముందు ఆ మేడం మానెయ్.”