గోడదూకుడు కేసులో కుడికాలు

"లావా పడిందా? ఎక్కడ సార్?"

ఫోన్‌లో గరగరమంటోంది. అవతలి నుంచి పెద్దాయన మళ్ళీ అరిచాడు. మళ్ళీ అదే వినిపించింది. కామా ఇక ఆలస్యం చెయ్యలేదు. మంటలార్పేవాళ్ళు తొడుక్కునే వెండిరంగు కోటు తగిలించుకుని, మండుటెండలో ఉడికిపోతూ హెడ్డాఫీసుకి పరిగెత్తాడు.

పెద్దాయన అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

"ఏమిటీ వేషం?"

"లావా అన్నారుగా సార్."

"దావా అన్నాను! కోర్టులో వేసే దావా!"

"దావాకి గూఢచారి ఎందుకు సార్? ప్లీడరు చాలడా?"

"ఆ దావాలో సాక్షిని పొద్దున చంపేశారు. అందుకు. కోటు తర్వాత మార్చుకుందువుగాని, కూర్చో."

కామా అసలు పేరు ఆఫీసులో ఎవరికీ తెలియదు. అతని చేతి దెబ్బ తిన్నవాళ్ళు నేరుగా కోమాలోకి పోతారు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. కోమా నుంచి తిరిగిరాని వాళ్ళ సంఖ్య చూస్తే అతన్ని ఫుల్‌స్టాప్ అనాలి. కానీ అది ప్రమోషన్లు ఆపేసిన ఆఫీసు.

పెద్దాయన తెర వెలిగించాడు. ఒక గేమ్ స్టూడియో. కంప్యూటర్ ముందు కుర్చీలో యానిమేటర్. మెడ చుట్టూ హెడ్‌ఫోన్ వైరు బిగుసుకుని ఉంది. నాలుక బయటికొచ్చింది. అతని ఎదుట తెర మీద మాత్రం ఒక బొమ్మ వీరుడు ఇంకా గోడలు దూకుతూనే ఉన్నాడు. ఆడే బొమ్మ ఆగలేదు, ఆడించే మనిషి ఆగిపోయాడు.

"గేమ్ పేరు గోడదూకుడు," అన్నాడు పెద్దాయన. "కోట్లాది ఫోన్లలో ఉంది. బ్యారక్‌లలో సైనికుల ఫోన్లలో కూడా ఉంది. దాన్ని ముందు తామే తయారుచేశామని ఒక విదేశీ కంపెనీ దావా వేసింది. కంపెనీ అని బోర్డు. లోపల ముఠా. నాయకుణ్ణి యజమాని అంటారు. పుట్టి బుద్ధెరిగి ఒక్కటీ తయారుచేసిన పాపాన పోలేదు. కనబడ్డదల్లా తనదే అంటాడు."

"గేమ్ ఎవడిదైతే మనకేంటి సార్?"

"గేమ్‌కి అప్‌డేట్ పంపాలంటే సైనింగ్ కీ కావాలి. తాళంచెవి అనుకో. ఇవాళ మధ్యాహ్నం ట్రిబ్యునల్ తీర్పు. వాళ్ళు గెలిస్తే ఆ కీ అక్కడికక్కడే వాళ్ళ చేతికొస్తుంది. సాయంత్రానికి అప్‌డేట్ పేరుతో ప్రతి ఫోన్‌లోకీ వాళ్ళ దొంగచెవి దూరుతుంది. ఒక్క తూటా పేలకుండా సైన్యం మొత్తం వాళ్ళ జేబులో పడుతుంది."

"వాళ్ళ దావా నకిలీ అని రుజువు?"

"స్టూడియో సర్వర్ కాలిపోయింది. సరిగ్గా చెప్పాలంటే, కాల్చారు. యానిమేటర్ చచ్చిపోయే ముందు మనకి ఒకే మాట చెప్పాడు. బొమ్మ దిగేటప్పుడు చూడమన్నాడు."

కామా చూశాడు. వీరుడు గోడ మీంచి ఎగిరాడు. ముందు ఎడమకాలు నేలకి తగిలింది. కుడికాలు వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. భుజం ఒక పక్కకి తిరిగింది.

"పిల్లలందరూ వీధుల్లో ఇలాగే దూకుతున్నారు సార్. స్టైల్‌గా ఉంటుంది."

"స్టైల్ కాదు, కుంటు. ఒంటినిండా తెల్ల గుండీలు అతికించుకుని ఒక స్టంట్‌మ్యాన్ కెమెరాల ముందు దూకితే, ఆ కదలికలనే బొమ్మకి ఎక్కించారు. ఆయన కాలు మూడేళ్ళ కిందట షూటింగ్‌లో విరిగింది. ముఠా తమ దొంగ ఫైళ్ళ మీద వేసుకున్న తేదీ నాలుగేళ్ళ కిందటిది."

కామా ఈల వేశాడు. "కాలు విరక్కముందే కుంటాడన్నమాట."

"కాలం కంటే ముందు నడిచిన కాలు! ఆయన ట్రిబ్యునల్ ముందు ఒక్కసారి దూకి చూపిస్తే చాలు. కుంటు సంగతి ముఠాకి తెలీదు. ఆయన స్టూడియోకి పనిచేశాడని మాత్రం ఈపాటికి తెలిసే ఉంటుంది. వాళ్ళ దగ్గర మన మనిషి ఒకామె ఉంది. కోడ్‌నేమ్ ట్రైలర్."

"నమ్మొచ్చా?"

"ట్రైలర్ చూసి సినిమా ఎలా ఉంటుందో ఎప్పుడైనా చెప్పగలిగావా?"

* * *

ఆ స్టంట్‌మ్యాన్‌ని అందరూ మాస్టారు అంటారు. ఆయన రిహార్సల్ చేసే రేకుల షెడ్డు నిండా పాత పరుపులు, కప్పు నుంచి వేలాడే తాళ్ళు, పైనుంచి దూకితే పడటానికి పేర్చిన ఖాళీ అట్టపెట్టెలు. ఒక మూల మాస్టారి భార్య కుట్టుమిషన్ ముందు కూర్చుని మోకాలికి కట్టుకునే ప్యాడ్‌లో దూది కూరుతోంది.

"నేను కుంటుతానా? ఎవడన్నాడు?" మాస్టారు లేచాడు.

"మీ బొమ్మే అంది మాస్టారూ."

"బొమ్మ కుంటితే బొమ్మల డాక్టరుకి చూపించండి. నాకేం రోగం? చూడు తమ్ముడూ, నేను కుంటోణ్ణని టముకు వేశారనుకో, రేపటి నుంచి నన్ను గోడ దూకమని ఎవడూ పిలవడు. గోడకి జేరబడి కూర్చోమంటాడు."

కుట్టుమిషన్ ఆగింది.

"కుడి ప్యాడ్‌లో రెట్టింపు దూది పెడుతున్నాను," అంది ఆవిడ తలెత్తకుండా. "మూడేళ్ళుగా. ఎందుకని మీరు అడగలేదు. నేను చెప్పలేదు. మెట్లు దిగే చప్పుడు నాకు వినబడదనుకున్నారా?"

మాస్టారు కుడికాలు వెనక్కి లాక్కున్నాడు.

కిటికీ అద్దం భళ్ళుమంది. మండుతున్న పెట్రోలు సీసా లోపల పడింది. అట్టపెట్టెలు భగ్గుమన్నాయి. కామా వెండి కోటు విప్పి ఆవిడ మీద కప్పి నేలకి వంచాడు. మంట కోటు మీదుగా పాకి, ఏం చెయ్యాలో తోచక పక్కకి పోయింది. తను తప్పుగా వినడం ఎవరికైనా పనికొస్తుందని కామా ఎప్పుడూ అనుకోలేదు.

తలుపు తన్ని ఇద్దరు దూసుకొచ్చారు. మొదటివాడి కత్తి చేతిని కామా పట్టుకుని తన మోకాలికేసి కొట్టాడు. ఎముక పటుక్కుమంది. కిందపడబోతున్న కత్తి కామా చేతిలోకి, అక్కణ్ణుంచి వాడి గొంతులోకి పిడిదాకా వెళ్ళింది. రెండోవాడు తుపాకీ ఎత్తాడు. మాస్టారు తాడు పట్టుకుని ఊగి రెండు కాళ్ళూ జోడించి వాడి ఛాతీ మీద తన్నాడు. వాడు మంటల్లో పడి, కేకలు పెడుతూ లేచి, గోడ దాకా వెళ్ళి, గోడకి అంటుకున్నట్టే జారిపోయాడు.

"షాట్ ఓకే మాస్టారూ."

"రీటేక్ అడగకు తమ్ముడూ, షెడ్డు లేదు."

ముగ్గురూ దగ్గుతూ బయటపడ్డారు. సందు మొగలో ఎర్రకారు. స్టీరింగ్ దగ్గర ఎర్రగౌను, ఎర్రపెదవులు, నల్లకళ్ళద్దాలు. ట్రాఫిక్‌ని ఆపడానికి ఆ రంగు చాలు.

"ఆట ఎందాకా వచ్చింది?" అన్నాడు కామా.

"ప్రాణాల మీదికొచ్చింది," అంది ఆమె.

కోడ్ సరిపోయింది. కారెక్కారు.

ట్రైలర్ గాల్లో తోలింది. ట్రిబ్యునల్ భవనం కింది పార్కింగ్‌లోకి దింపి, బ్రేకు వేసి, తాళాలు బ్యాగ్‌లో వేసుకుని దిగింది. స్తంభాల చాటు నుంచి మనుషులు బయటికొచ్చారు.

"ఇదేంటి?" అన్నాడు కామా.

"ఏమీ అనుకోకండి కామా గారూ. ఇద్దరి దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరికీ న్యాయం చెయ్యాలిగా." హైహీల్స్ టకటకలాడించుకుంటూ లిఫ్ట్ ఎక్కేసింది.

వచ్చినవాళ్ళలో ముందున్నవాడు మ్యూట్. తను మాట్లాడడు, మాట్లాడేవాళ్ళని మాట్లాడనివ్వడు. యానిమేటర్ మెడకి వైరు చుట్టింది వాడే. ఈసారి, కామా కారు దిగగానే, వెనక్కి చేరి అతని మెడకి చుట్టాడు. కళ్ళ ముందు చుక్కలు. ఎదురొచ్చిన ఇంకొకడి తలని కామా రెండుకాళ్ళతో కారు తలుపు మధ్యకి నెట్టాడు. మాస్టారు ఆ తలుపుని ధడాలున మూశాడు. పుచ్చకాయ పగిలిన చప్పుడైంది. మిగిలినవాళ్ళకి ఆ చప్పుడు సరిపోయింది, పారిపోయారు. కామా తడుముకుని జేబులో పెన్ను తీశాడు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన పెన్ను. మూత తీస్తే మత్తు వాయువు వస్తుంది. రాయమంటే మాత్రం రాయదు. దాన్ని భుజం మీంచి మ్యూట్ ముక్కులోకి పొడిచాడు. వైరు వదులైంది. వాడు కూలిపోయాడు.

"పదండి!" అన్నాడు కామా, రక్తం ఉమ్ముతూ. "లిఫ్ట్ వద్దు. మెట్లు."

మెట్ల మీద మాస్టారి కుడికాలు ధబ్, ధబ్ అని ఈడ్చుకొచ్చింది. ఆవిడ విననట్టే నడిచింది.

* * *

హాలు నిండా జనం. వెనక వరసలో టీవీ కెమెరాలు. ఒక పక్క స్టూడియో నడిపే అమ్మాయి, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో. ఇంకో పక్క తెల్లసూటులో యజమాని, అతని వెనక కుర్చీలో ట్రైలర్. మధ్యలో బల్ల మీద చిన్న ఇనుప పెట్టె. అందులో సైనింగ్ కీ. గోడ మీది తెరపై వీరుడు దిగే భంగిమలోనే ఆగిపోయి ఉన్నాడు.

"ఆ దిగే తీరు కూడా మీ సృష్టేనా?" అడిగాడు కామా, స్టూడియో తరఫున లేచి.

"ముమ్మాటికీ!" యజమాని ఛాతీ విరిచాడు. "నాలుగేళ్ళ కిందట మా కళాకారులు చిరుతపులిని గమనించి, నెలల తరబడి శ్రమించి డిజైన్ చేశారు. మా దావాలో అదే ముఖ్యాంశం. ఇలా దిగే వీరుడు ప్రపంచంలో ఇంకెక్కడా లేడు."

"ఉన్నాడు. ఇక్కడే ఉన్నాడు. మాస్టారూ, దూకండి."

ట్రిబ్యునల్ చైర్‌పర్సన్ కళ్ళజోడు సర్దుకుంది. మాస్టారు లేచాడు. బల్ల వైపు చూశాడు. తర్వాత కెమెరాల వైపు చూశాడు. ఈ రాత్రి వార్తల్లో ఈ దూకుడు సినిమావాళ్ళందరూ చూస్తారు. పళ్ళు బిగించి బల్ల ఎక్కాడు. ఎగిరాడు.

రెండు కాళ్ళ మీద, నిటారుగా, గోడకి కొట్టిన మేకులా దిగాడు.

కామా గుండె జారి పార్కింగ్‌లో పడింది.

"ఈయన కాళ్ళు నా కాళ్ళకంటే బాగున్నాయే!" యజమాని పకపకా నవ్వాడు. మాస్టారు ఎవరి మొహమూ చూడకుండా తన కుర్చీలోకి చేరాడు. కొరుక్కున్న పెదవి నుంచి రక్తం కారుతోంది. బల్ల అవతల కూర్చున్న ఆయన భార్య కళ్ళు మూసుకుంది.

చైర్‌పర్సన్ పెన్ను తీసింది. "ఈ గేమ్ మీద సర్వహక్కులూ, సైనింగ్ కీతో సహా..." యజమాని చెయ్యి పెట్టె మీద పడింది. పెన్ను కాగితానికి తగిలింది.

ట్రైలర్ లేచి నిలబడింది. చేతిలో పిస్టల్. గురి మాస్టారి భార్య వైపు.

కామా దూరంగా ఉన్నాడు. పిస్టల్ పేలింది.

పేలకముందే మాస్టారు కుర్చీలో లేడు. బల్ల మీదుగా ఎగిరాడు. ఎడమకాలు ముందు దిగింది, కుడికాలు వెనకాల ఈడ్చుకొచ్చింది, భుజం పక్కకి తిరిగింది. ఆ తిరిగిన భుజంతోనే భార్యని కప్పేసి నేల మీద పడ్డాడు. గోడ గడియారం ముక్కలై ఇద్దరి మీదా రాలింది.

తెర మీద బొమ్మ, నేల మీద మనిషి. ఒకే పోత.

ట్రైలర్ నల్లకళ్ళద్దాలు తీసింది. "గురి తప్పలేదండీ. గడియారానికే పెట్టాను."

తలుపు విరుచుకుని మ్యూట్ లోపలికొచ్చాడు. మత్తు దిగినట్టుంది, కోపం దిగలేదు. కత్తి తీసి తిన్నగా మాస్టారి మీదికి ఉరికాడు. కామా అడ్డుపడ్డాడు. కత్తి అతని తొడలో దిగి ఎముకకి తగిలింది. ఇద్దరూ బల్ల మీద పడ్డారు. కామా చేతికి మైకు వైరు దొరికింది. వాడి మెడకి ఒక చుట్టు చుట్టాడు. యానిమేటర్ మొహం గుర్తొచ్చింది. ఇంకో చుట్టు చుట్టి లాగాడు. మైకు ఆన్‌లోనే ఉంది. మ్యూట్ మొదటిసారి అన్‌మ్యూట్ అయ్యాడు. చివరిసారి కూడా అదే.

యజమాని పెట్టె చంకన పెట్టుకుని లేచాడు. ట్రైలర్ పిస్టల్ గొట్టం అతని చెవిలో పెట్టింది.

"కూర్చోండి సార్. ఆ కుర్చీ ఒక్కటే మీది."

బల్ల కింద నుంచి చైర్‌పర్సన్ తల బయటికొచ్చింది. "ఇక్కడ ఏం జరిగిందో నాకెవరైనా చెబుతారా?"

"నేను చెబుతానమ్మా," అన్నాడు మాస్టారు. ప్యాంటు మోకాలి పైదాకా మడిచాడు. తొడ నుంచి పిక్కదాకా పాములాంటి కుట్ల మచ్చ. కెమెరాల వైపే తిరిగాడు. "నేను కుంటోణ్ణి. ఇందాక నిటారుగా దిగింది నటన. కుంటోణ్ణని తెలిస్తే పని పోతుందని భయం. మా ఆవిడ మీదికి తుపాకీ చూపించేసరికి నటించడం మర్చిపోయాను. మూడేళ్ళ కిందట షూటింగ్‌లో లారీ నా మీదెక్కితే ఈ టీవీలే చూపించాయి. అంతకుముందు సినిమాలు వేసి చూడండి, రెండు కాళ్ళ మీదే దిగుతాను. ఇది చిరుతపులి దగ్గర నేర్చుకున్నది కాదమ్మా. లారీ దగ్గర నేర్చుకున్నది."

"మీరు నిటారుగా దిగగానే మీ ఆవిడ కళ్ళు మూసుకుంది," అంది ట్రైలర్. "అప్పుడే అర్థమైంది, మీరు దూకడం లేదు, దాస్తున్నారని. పార్కింగ్‌లో అప్పగించకపోతే ముఠా నన్ను ఈ హాల్లోకి రానిచ్చేది కాదు. క్షమించండమ్మా."

"తర్వాత ఆలోచిస్తాను," అంది మాస్టారి భార్య, జుట్టులోంచి గాజుముక్క తీసుకుంటూ.

చైర్‌పర్సన్ యజమాని వైపు తిరిగింది. "నాలుగేళ్ళ కిందటి మీ చిరుతపులికి, మూడేళ్ళ కిందటి లారీ ఎలా తగిలిందండీ?"

యజమాని తన జన్మలో మొదటిసారి, ఏదీ తనది కాదన్నట్టు మొహం పెట్టాడు.

దావా కొట్టేశారు. ఇనుప పెట్టె స్టూడియో అమ్మాయి చేతికొచ్చింది. ఆమె దాన్ని గుండెకి హత్తుకుని మాస్టారి దగ్గరికొచ్చింది. "ఆ దిగే తీరు మీ పేరునే రిజిస్టర్ చేయిస్తాను బాబాయ్. మీరు లేకుండా మా వీరుడు ఒక్క గోడ కూడా దూకడు."

మాస్టారు తలూపాడు. భార్య భుజం మీద చెయ్యి వేసి, దాచకుండా, ధబ్ ధబ్ మంటూ గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. తొడకి గుడ్డ కట్టుకుని కామా కుడికాలు ఈడ్చుకుంటూ వెనకే వస్తున్నాడు.

"తమ్ముడూ," అన్నాడు మాస్టారు, "ఆ నడకకి లైసెన్స్ తీసుకున్నావా?"